మొండి ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లకు చికిత్స వెతకడంలో బ్యాక్టీరియా జన్యుక్రమాన్ని ఉపయోగించుకునే విధానం

కొద్ది రోజుల మందులతో తగ్గిపోయే న్యుమోనియాకూ, ఏళ్ల తరబడి వదలని ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్‌కూ చాలా తేడా ఉంది. సిస్టిక్ ఫైబ్రోసిస్ (కఫం జిగటగా పేరుకుపోయే జన్యువ్యాధి), బ్రాంకియెక్టేసిస్ (శ్వాసనాళాలు శాశ్వతంగా వెడల్పయ్యే జబ్బు), ముదిరిన సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకై ఊపిరాడని దీర్ఘకాలిక జబ్బు) ఉన్నవారి శ్వాసనాళాల్లో సూడోమోనాస్ ఎరుజినోసా వంటి బ్యాక్టీరియా ఒకసారి స్థిరపడితే ఒకే వంశం ఏళ్లపాటు, కొన్నిసార్లు జీవితాంతం కొనసాగుతుంది. ఆ కాలమంతా అది రోగి వ్యాధినిరోధక శక్తికీ, వాడుతున్న యాంటీబయాటిక్‌లకూ, జిగట కఫంలో అరకొరగా అందే ఆక్సిజన్‌కూ తగినట్టుగా తన జన్యువులను మార్చుకుంటూ పోతుంది. కాబట్టి చికిత్సను దృష్టిలో పెట్టుకొని జన్యుక్రమాన్ని చదివేవారు మొదటినుంచీ ఒక ప్రశ్నను పట్టుకొని ఉండాలి: ఊపిరితిత్తుల్లో బతకడానికి ఈ బ్యాక్టీరియా దేన్ని వదులుకోగలదు, దేన్ని వదులుకోలేదు? వదులుకోగలిగిన జన్యువు మీద తయారుచేసిన మందు ఎంత చక్కనిదైనా కొద్దికాలానికే పనికిరాకుండా పోతుంది.

సూక్ష్మజీవశాస్త్రంతో పరిచయం ఉండి, జన్యుక్రమ విశ్లేషణలోకి కొత్తగా అడుగుపెడుతున్న పరిశోధకుల కోసం ఈ మార్గదర్శిని. ఉదాహరణలు ఎక్కువగా సూడోమోనాస్‌వి, కొన్ని మైకోబ్యాక్టీరియాలవి (క్షయ బ్యాక్టీరియా కుటుంబం). రోగులు తమంతట తాము చికిత్స మార్చుకోవడానికి ఇందులోని సమాచారాన్ని ఆధారం చేసుకోకూడదు.

ముందుగా ఉద్దేశాన్ని ఖరారు చేసుకోవాలి

జన్యుక్రమం చదవడానికి సాధారణంగా మూడు కారణాలుంటాయి. కొత్త మందుకు లక్ష్యాన్ని వెతకడం ఒకటి, ఉన్న మందుల్లో ఒక రోగికి ఏది పనిచేస్తుందో తేల్చడం రెండవది, ఇన్ఫెక్షన్ ఒకరినుంచి మరొకరికి సోకిందా అని తెలుసుకోవడం మూడవది. మొదటిదానికి అనేకమంది రోగుల నమూనాలు కావాలి. రెండవదానికి ఒకే రోగి నుంచి వేర్వేరు కాలాల్లో తీసిన నమూనాలు కావాలి. మూడవదానికి ఒకే ఆసుపత్రికి వచ్చే వారందరి నమూనాలతోపాటు వారు ఎప్పుడెప్పుడు అక్కడ ఉన్నారన్న వివరాలు కూడా కావాలి. ఏ ఉద్దేశమూ ఖరారు కాకుండా నమూనాలను పోగుచేసి క్రమాలు చదివించిన తరువాత వాటినుంచి చికిత్సకు ఉపయోగపడే జవాబు రాబట్టడం దాదాపు అసాధ్యం.

నమూనాల దగ్గరే పని సగం తేలిపోతుంది

ఒక కఫం నమూనా నుంచి ఒకే కాలనీని ఎంచుకొని దాన్నే ఆ రోగి బ్యాక్టీరియాగా భావించడం ఆసుపత్రి ప్రయోగశాలల్లో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. తీవ్రమైన, అప్పటికప్పుడు వచ్చిన ఇన్ఫెక్షన్‌కు అది సరిపోతుంది. దీర్ఘకాలిక ఇన్ఫెక్షన్‌కు సరిపోదు. ఊపిరితిత్తుల మార్పిడి సమయంలో తొలగించిన అవయవాలను పరిశీలించి 2015లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఒకే రోగి ఊపిరితిత్తుల్లోని వేర్వేరు భాగాల్లో సూడోమోనాస్ వేర్వేరుగా మార్పు చెంది, పోషక అవసరాల్లోనూ మందులను తట్టుకునే శక్తిలోనూ తేడాలు చూపిందని తేలింది. అందువల్ల ఒక్కో నమూనా నుంచి రంగులోనూ, పరిమాణంలోనూ, జిగటలోనూ తేడాగా కనిపించే కాలనీలన్నింటినీ విడివిడిగా సేకరించాలి, లేదా ప్లేటు మీద పెరిగిన కాలనీలన్నింటినీ కలిపి ఒకే మిశ్రమంగా క్రమం చదివించి, ఒక్కో మార్పు ఎంత శాతం బ్యాక్టీరియాలో ఉందో అంచనా కట్టాలి. రెండు పద్ధతులనూ కలిపి వాడగలిగితే మరింత మేలు, ఎందుకంటే మిశ్రమం ద్వారా ఏ మార్పు ఎంతగా వ్యాపించిందో తెలుస్తుంది కానీ ఏయే మార్పులు ఒకే కణంలో కలిసి ఉన్నాయో తెలియదు.

రోగి నుంచి తీసిన అన్నిటికంటే పాత నమూనా ఎక్కడైనా ఫ్రీజర్‌లో ఉందేమో వెతకడానికి వెచ్చించే సమయం వృథా కాదు. ఇన్ఫెక్షన్ మొదలైన రోజుల్లోని బ్యాక్టీరియా చేతిలో ఉంటేనే, ఆ తరువాత వచ్చిన మార్పులను మార్పులుగా గుర్తించగలం. వేరుచేసిన ప్రతి కాలనీనీ గ్లిసరాల్‌లో కలిపి మైనస్ 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర వెంటనే నిల్వచేయాలి. ప్లేటు నుంచి ప్లేటుకు పదేపదే మార్చుతూ పోతే ప్రయోగశాలలోనే కొత్త మార్పులు పుట్టుకొస్తాయి. అంతేకాక, ఊపిరితిత్తుల్లో సంపాదించుకున్న జిగట స్వభావం వంటివి సారవంతమైన మాధ్యమంలో పోయే ప్రమాదం ఉంది.

ప్రతి నమూనాతోనూ తేదీ, రోగి అప్పటివరకు వాడిన యాంటీబయాటిక్‌ల పేర్లు, వాటి మోతాదులు, పీల్చే రూపంలో ఇచ్చారా రక్తనాళం ద్వారా ఇచ్చారా అన్న వివరాలు నమోదై ఉండాలి. ఈ పట్టిక లేని జన్యుక్రమం నుంచి, ఒక మార్పు మందు ఒత్తిడి వల్ల వచ్చిందో మరో కారణం వల్ల వచ్చిందో చెప్పడం కుదరదు. నైతిక సంఘం అనుమతి, రోగి సమ్మతి పత్రం సంగతి వేరే చెప్పనక్కరలేదు. అయితే కాలనీలు పెంచకుండా నేరుగా కఫం నుంచే డీఎన్ఏ చదివించేటట్టయితే అందులో అధికభాగం మనిషి డీఎన్ఏయే ఉంటుంది కాబట్టి, సమాచారాన్ని ఇతరులతో పంచుకునే ముందు ఆ భాగాన్ని పూర్తిగా తొలగించాలి. క్షయ అనుమానం ఉన్న నమూనాలను అందుకు తగిన భద్రతా స్థాయి గల ప్రయోగశాలలో తప్ప తెరవకూడదు.

క్రమం చదివించడం, పోల్చడం

సూడోమోనాస్ పరిశోధనలో అందరూ ఆధారంగా తీసుకునే పీఏఓ1 రకం 1954లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఒక గాయం నుంచి వేరుచేసినది. దాని పూర్తి జన్యుక్రమం 2000 సంవత్సరంలో వెలువడింది. సుమారు 63 లక్షల డీఎన్ఏ అక్షరాలు, దాదాపు 5,570 జన్యువులు ఉన్నట్టు తేలింది. ఆ క్రమం అమూల్యమైనదే. కానీ గాయం నుంచి వచ్చి, దశాబ్దాలపాటు ప్రయోగశాలల్లో పెరిగిన ఆ బ్యాక్టీరియాకూ మీ రోగి ఊపిరితిత్తుల్లో ఉన్నదానికీ మధ్య వేల కొద్దీ అక్షరాల తేడాలుంటాయి. పీఏఓ1లో అసలే లేని జన్యువులు కొన్ని మీ నమూనాలో ఉంటాయి. పీఏఓ1తో పోల్చితే ఆ వేల తేడాల మధ్య ఇన్ఫెక్షన్ కాలంలో వచ్చిన పదులో వందో మార్పులు కనిపించకుండా పోతాయి. కాబట్టి పోలికకు అదే రోగి తొలి నమూనాను ఆధారం చేసుకోవాలి, పీఏఓ1ను జన్యువుల పేర్లూ పనులూ తెలుసుకోవడానికి మాత్రమే వాడుకోవాలి.

ఇందుకోసం తొలి నమూనా క్రమాన్ని పొడవైన తునకలు చదివే నానోపోర్ లేదా ప్యాక్‌బయో యంత్రం మీద చదివించి, ఒకే వలయంగా పూర్తి చేసుకోవడం మంచిది. తరువాతి నమూనాలకు ఇల్యూమినా వంటి చిన్న తునకల పద్ధతి చాలు. విడి కాలనీకి ప్రతి అక్షరాన్నీ సగటున 50 సార్లయినా చదివించాలి. కాలనీల మిశ్రమానికి అంతకు కొన్ని రెట్లు ఎక్కువ కావాలి, లేకపోతే తక్కువ శాతంలో ఉన్న మార్పులకూ యంత్రం చేసిన తప్పులకూ తేడా తెలియదు. ఈ బ్యాక్టీరియా డీఎన్ఏలో జీ, సీ అక్షరాలు 66 శాతానికి పైగా ఉంటాయి కాబట్టి, అటువంటి డీఎన్ఏను సమంగా చదవగల రసాయన కిట్‌ను ఎంచుకోవాలి. తేడాలను గుర్తించడానికి స్నిప్పీ, బ్రెసెక్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఒక్క అక్షరం మారిన చోట్లను మాత్రమే చూసి ఆగిపోకూడదు. పెద్ద ముక్కలు ఊడిపోవడం, చొరబడే డీఎన్ఏ తునకలు జన్యువు మధ్యలో దూరడం కూడా దీర్ఘకాలిక ఇన్ఫెక్షన్లలో తరచుగా జరుగుతుంది.

తేడాల జాబితా చేతికి వచ్చిన తరువాత అసలు పని మొదలవుతుంది. జాబితాలోని మార్పుల్లో చాలావాటికి ఏ ప్రాముఖ్యమూ ఉండదు. ప్రాముఖ్యం ఉన్నవాటిని పట్టుకోవడానికి నమ్మదగిన దారి, ఒకరితో ఒకరికి సంబంధం లేని రోగుల్లో ఒకే జన్యువు మళ్లీ మళ్లీ, ప్రతిసారీ వేరే చోట, దెబ్బతిన్నదేమో చూడటం. 2006లో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ అధ్యయనం సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్న ఒక బిడ్డకు ఆరు నెలల వయసులోనూ, ఎనిమిదేళ్ల వయసులోనూ తీసిన నమూనాలను పోల్చి 68 మార్పులను గుర్తించింది. ఆ తరువాత అనేకమంది రోగుల నమూనాల్లోని జన్యువులతో సరిచూసినప్పుడు ఒక తీరు బయటపడింది: తీవ్ర ఇన్ఫెక్షన్‌కు అవసరమైన విషాలు, కదలిక, పరస్పర సంకేతాలు వంటివాటికి సంబంధించిన జన్యువులనే బ్యాక్టీరియా పనిగట్టుకొని పోగొట్టుకుంటోంది. మ్యూక్-ఎ జన్యువు దెబ్బతిని ఆల్జినేట్ అనే జిగట పూత విపరీతంగా తయారవడం, సంకేత వ్యవస్థను నడిపే లాస్-ఆర్ పనిచేయకపోవడం, టోబ్రామైసిన్ వంటి మందులను బయటికి తోడివేసే పంపుకు కళ్లెం వేసే మెక్స్-జెడ్ పోవడం ఈ తీరుకు తరచుగా ఎదురయ్యే ఉదాహరణలు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. డీఎన్ఏ నకలులో దొర్లిన తప్పులను సరిదిద్దే మ్యూట్-ఎస్, మ్యూట్-ఎల్ వంటి జన్యువులు దెబ్బతిన్న బ్యాక్టీరియాలో మార్పులు మామూలుకంటే ఎన్నో రెట్ల వేగంతో పోగవుతాయి. సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగుల్లో మూడోవంతుకు పైగా ఇటువంటి రకాలు ఉన్నాయని 2000లోనే ఒక అధ్యయనం చూపింది. ఒక నమూనాలో మార్పుల సంఖ్య అసాధారణంగా ఎక్కువగా కనిపిస్తే ముందు ఈ జన్యువులను చూడాలి. అవి దెబ్బతిని ఉంటే ఆ నమూనాలోని ఏ ఒక్క మార్పునూ మిగతా రోగుల్లో సరిచూడకుండా లెక్కలోకి తీసుకోకూడదు.

లక్ష్యాన్ని ఎంచుకోవడం

మందుకు లక్ష్యం ఎంచుకునేటప్పుడు పరిశోధకులు పడే పొరపాట్లు ఎక్కువగా రెండు. బ్యాక్టీరియాను చంపకుండా దాని దాడి శక్తిని మాత్రమే తగ్గిస్తే నిరోధకత రాదన్న ఆశ మొదటిది. ఆ ఆలోచనతో లాస్-ఆర్ సంకేత వ్యవస్థను అడ్డుకునే పదార్థాల కోసం చాలా కృషి జరిగింది. తొలిదశ ఇన్ఫెక్షన్‌లో దానికి చోటు ఉండవచ్చునేమో గానీ, ఏళ్లనాటి ఇన్ఫెక్షన్‌లో ఆ బ్యాక్టీరియా లాస్-ఆర్‌ను ఎప్పుడో వదిలేసి ఉండే అవకాశం బలంగా ఉన్నప్పుడు, లేనిదాన్ని అడ్డుకోవడానికి మందు ఇచ్చినట్టవుతుంది. అందుకే లక్ష్యంగా అనుకుంటున్న జన్యువు దీర్ఘకాలిక నమూనాలన్నింటిలోనూ చెక్కుచెదరకుండా ఉందా అన్నది మొట్టమొదట చూడవలసిన విషయం. నమూనాల సంఖ్య పెరిగేకొద్దీ ఈ పరీక్షకు బలం పెరుగుతుంది.

జన్యువు ఉన్నంతమాత్రాన అది తప్పనిసరి అని కాదు. దాన్ని తేల్చడానికి ట్రాన్స్‌పోజాన్ పద్ధతి ఉపయోగపడుతుంది: దూకే డీఎన్ఏ తునకలను లక్షల కణాల్లో యాదృచ్ఛికంగా చొప్పించి, ఆ కణాలను పెంచిన తరువాత ఏయే జన్యువుల్లో తునక దూరిన కణం ఒక్కటీ మిగలలేదో చూస్తారు. 2019లో ప్రచురించిన ఒక పరిశోధన తొమ్మిది సూడోమోనాస్ రకాలను, కఫంతో తయారైన మాధ్యమం సహా ఐదు పరిస్థితుల్లో ఇలా పరీక్షించి, అన్నిటిలోనూ తప్పనిసరి అయినవి 321 జన్యువులేనని తేల్చింది. ఒక్క రకాన్నే, ఒక్క మాధ్యమంలోనే పరీక్షిస్తే జాబితా ఇంతకంటే పొడవుగా వస్తుంది, కానీ అందులో కొన్ని మరో రోగిలో తప్పనిసరి కావు. మీ జాబితాను ఈ 321తో పోల్చి, రెండింటిలోనూ ఉన్నవాటిలో మనిషి ప్రొటీన్లను పోలినవాటిని తీసివేయాలి.

రెండవ పొరపాటు, లక్ష్యం దొరికితే మందు దొరికినట్టేనని భావించడం. 1995లో హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా జన్యుక్రమం వెలువడగానే, దాన్ని చూసి కొత్త యాంటీబయాటిక్‌లు వరుసగా వస్తాయని పెద్ద ఆశలు చిగురించాయి. గ్లాక్సోస్మిత్‌క్లైన్ సంస్థ 1995 నుంచి 2001 వరకు 300కు పైగా జన్యువులను పరిశీలించి, 70 భారీ వడపోతలు (పెద్ద సంఖ్యలో అణువులను ఒకేసారి పరీక్షించడం) నిర్వహించి, చివరికి 5 మందు ఆధారాలను (మందుగా తీర్చిదిద్దదగిన అణువులను) మాత్రమే సాధించగలిగిందని 2007లో తానే ప్రచురించింది. పరీక్షనాళికలో ఎంజైమ్‌ను చక్కగా అడ్డుకున్న అణువులు చాలావరకు బ్యాక్టీరియా బయటి పొరను దాటి లోపలికి పోలేకపోవడం, పోయినా పంపులు వాటిని తిరిగి తోడివేయడం ఇందుకు ప్రధాన కారణం. సూడోమోనాస్ విషయంలో ఈ అడ్డంకి మరింత గట్టిది.

ఈ అనుభవం తరువాత చాలామంది దారిని తిరగేశారు, నా దృష్టిలో అదే తెలివైన పని. మొదట బతికున్న బ్యాక్టీరియాను నిజంగా చంపగలిగిన అణువును వెతికి, ఆ తరువాత దాన్ని తట్టుకొని బతికిన కణాల జన్యుక్రమం చదివి, ఏ జన్యువు మారిందో చూసి లక్ష్యాన్ని గుర్తించడం ఈ పద్ధతి. మొండి క్షయకు వాడే బెడాక్విలిన్ ఇలాగే అర్థమైంది: 2005లో నిరోధక కణాల క్రమాలు చదివినప్పుడు మార్పు ఏటీపీ తయారుచేసే ఎంజైమ్‌లోని ఒక భాగంలో కనిపించింది, అంతవరకు ఏ క్షయ మందూ పనిచేయని చోటు అది. 2012 చివరలో ఆ మందుకు అమెరికాలో అనుమతి లభించింది. బయటి పొర మీదే ఉన్న లక్ష్యాన్ని ఎంచుకుంటే లోపలికి పోయే సమస్య ఉండదన్న తర్కం కూడా సరైనదే. సూడోమోనాస్ బయటి పొరను కట్టే ఎల్‌పీటీ-డి ప్రొటీన్‌ను అడ్డుకునే మురెపావాడిన్ అలా వచ్చినదే, కానీ రక్తనాళం ద్వారా ఇచ్చిన ప్రయోగాలు మూత్రపిండాలు దెబ్బతినడం వల్ల 2019లో ఆగిపోయాయి. ఆ తరువాత దాన్ని పీల్చే రూపంలో రూపొందించే ప్రయత్నాలు సాగాయి. ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లకు ఉన్న సౌకర్యం ఇదే: రక్తంలోకి పోతే హాని చేసే మందును నేరుగా శ్వాసనాళాల్లోకి పంపే వీలుంది.

పరీక్షించడం

సారవంతమైన ద్రవంలో తేలుతూ పెరిగే బ్యాక్టీరియా మీద మందును పరీక్షించి తృప్తిపడకూడదు. కఫంలోని అమైనో ఆమ్లాలు, మ్యూసిన్ (కఫానికి జిగటనిచ్చే ప్రొటీన్), డీఎన్ఏ కలిపిన కృత్రిమ కఫంలో, తక్కువ ఆక్సిజన్‌లో, బయోఫిల్మ్ (జిగట పొరలో గుంపుగా అతుక్కున్న) రూపంలో ఉన్న బ్యాక్టీరియా మీదనే, అదీ రోగుల నుంచి తీసిన రకాల మీద, పరీక్షించాలి. అజిథ్రోమైసిన్ మామూలు పరీక్షలో సూడోమోనాస్‌ను చంపదు. అయినా దీర్ఘకాలం వాడినవారి ఊపిరితిత్తుల పనితీరు మెరుగుపడింది. మామూలు పరీక్షే ప్రమాణమైతే ఆ మందును ఎవరూ ప్రయత్నించి ఉండేవారు కారు.

నిరోధక కణాలను ప్రయోగశాలలో కావాలనే పెంచి, వాటి క్రమాన్ని చదవడం ఈ దశలో తప్పనిసరి. ఏ మార్పుతో నిరోధకత వస్తుందో తెలియడంతోపాటు, ఆ మార్పుకు బ్యాక్టీరియా చెల్లించే మూల్యం కూడా తెలుస్తుంది. సిప్రోఫ్లాక్ససిన్‌ను తట్టుకోవడానికి ఎన్‌ఎఫ్‌ఎక్స్-బి జన్యువును పోగొట్టుకున్న సూడోమోనాస్, టోబ్రామైసిన్ వర్గానికి చెందిన మందులకు మునుపటికంటే సులభంగా లొంగుతుందని 2018లో వెలువడిన పరిశోధన చూపింది. రెండు మందులను ఏ వరుసలో ఇవ్వాలన్న ప్రశ్నకు జన్యుక్రమం నుంచి జవాబు రావడానికి ఇదొక దారి. కొత్త అణువు కోసం పదేళ్లు ఎదురుచూసే బదులు, చేతిలో ఉన్న మందుల వరుసను ఇలా సరిచేయడం తొందరగా రోగికి చేరే ఫలితమని గుర్తుంచుకోవాలి.

బ్యాక్టీరియాకు సోకే వైరస్‌లైన ఫేజ్‌లతో చేసే చికిత్సలోనూ ఇదే ఎత్తుగడ ఉంది. ఓఎంకేఓ1 అనే ఫేజ్ సూడోమోనాస్ మందులను తోడివేసే పంపులోని ఓపీఆర్-ఎం ప్రొటీన్‌కు అతుక్కుంటుంది. ఫేజ్ నుంచి తప్పించుకోవాలంటే బ్యాక్టీరియా ఆ పంపును పాడుచేసుకోవాలి, అలా పాడుచేసుకుంటే యాంటీబయాటిక్‌లకు మళ్లీ లొంగుతుంది. 2019లో ప్రచురితమైన మరో ఉదాహరణలో, ఊపిరితిత్తుల మార్పిడి తరువాత మైకోబ్యాక్టీరియం యాబ్‌సెసస్ ఒంటినిండా వ్యాపించిన పదిహేనేళ్ల సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగికి లండన్‌లో మూడు ఫేజ్‌ల మిశ్రమం ఇచ్చారు. పూర్తిగా నయం కాకపోయినా స్థితి స్పష్టంగా మెరుగుపడింది. ఆ మూడింటిలో ఒకటి దక్షిణాఫ్రికాలో కుళ్లిన వంకాయ మీద దొరికినది. మిగతా రెండూ బ్యాక్టీరియా జీనోమ్‌లో నిద్రాణంగా ఉండిపోగల స్వభావం ఉన్నవి కావడంతో, వాటినుంచి ఆ నిద్రకు కారణమైన రిప్రెసర్ జన్యువును తొలగించి వాడారు. ఎవరైనా ఫేజ్‌ను చికిత్సకు ఎంచుకునే ముందు దాని క్రమంలో రిప్రెసర్, ఇంటిగ్రేజ్ (బ్యాక్టీరియా డీఎన్ఏలో ఫేజ్ చేరడానికి తోడ్పడే ఎంజైమ్), విష జన్యువులు ఉన్నాయేమో చూడాలి. రోగి బ్యాక్టీరియాలో ఇప్పటికే నిద్రాణంగా ఉన్న ఫేజ్‌లు కొత్తదాన్ని అడ్డుకుంటాయేమో కూడా చూడాలి.

రోగి మంచం దగ్గరికి

కొన్ని సందర్భాల్లో జన్యుక్రమం ఈరోజే నేరుగా చికిత్సను నిర్ణయించగలదు. మైకోబ్యాక్టీరియం యాబ్‌సెసస్‌లో ఎర్మ్-41 జన్యువు పనిచేస్తుంటే, అజిథ్రోమైసిన్ వర్గం మందులు మొదట్లో పనిచేసినట్టు కనిపించినా, మందు తగిలిన కొద్దీ నిరోధకత మేలుకొంటుంది. మామూలు పరీక్షలో ఇది తెలియాలంటే 14 రోజులు ఆగాలి. జన్యువులో 28వ స్థానంలో టీ ఉందా సీ ఉందా చూస్తే చాలావరకు ముందే తెలిసిపోతుంది. మాసిలియెన్స్ ఉపజాతిలో ఆ జన్యువు ముక్కలై ఉంటుంది కాబట్టి ఆ మందులు పనిచేస్తాయి, ఆ మందులు అతుక్కునే 23ఎస్ ఆర్‌ఎన్‌ఏ జన్యువులో వేరే మార్పు లేకపోతే. క్షయకు సంబంధించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రచురించి, 2023లో నవీకరించిన ఉత్పరివర్తనాల పట్టిక ఇదే పనికి ప్రమాణంగా ఉపయోగపడుతోంది. సూడోమోనాస్ విషయంలో మాత్రం అంత ధీమాగా చెప్పలేం. జన్యువులు ఎంత చురుకుగా పనిచేస్తున్నాయన్నదాని మీద నిరోధకత చాలావరకు ఆధారపడుతుంది కాబట్టి, వైద్యులకు పంపే నివేదికలో జన్యు ఫలితాన్నీ, పెంపకపు పరీక్ష ఫలితాన్నీ పక్కపక్కన పెట్టాలి. రెండూ విభేదిస్తే ఆ విషయాన్ని దాచకుండా రాయాలి.

చికిత్స ముగిసిన తరువాత బ్యాక్టీరియా మళ్లీ కనిపించినప్పుడు, అది పాత వంశమే తిరిగి తలెత్తిందా, కొత్తగా సోకిందా అన్నది తేల్చనిదే మందు విఫలమైందో లేదో చెప్పలేం. ఇందుకు చికిత్సకు ముందు తీసిన అనేక కాలనీలతో పోల్చి, కొత్త నమూనా వాటి మధ్యలోంచి పుట్టుకొచ్చిందా అని వంశవృక్షం గీసి చూడాలి. ఇన్ని అక్షరాల తేడాకు లోపల ఉంటే పాతదే అన్న స్థిరమైన హద్దును, వేగంగా మార్పు చెందే మ్యూట్-ఎస్ రకాలకు వర్తింపజేయకూడదు. సిస్టిక్ ఫైబ్రోసిస్ క్లినిక్‌లలో ఒకరినుంచి ఒకరికి వ్యాపించిన వంశాలు గతంలో బయటపడ్డాయి కాబట్టి, కొత్త ఇన్ఫెక్షన్ అని తేలితే అదే క్లినిక్‌కు వచ్చే ఇతర రోగుల నమూనాలతో కూడా పోల్చి చూడాలి.